బుర్రలున్నాయి... బజారే లేదు!

కంట్లో పెట్టుకునే మెత్తటి లెన్స్, హెచ్ఐవీని అదుపులో పెట్టే మాత్ర, రక్తం జబ్బుకు వాడే ఇంజెక్షన్. మూడూ కమ్యూనిస్టు పాలనలోని చెకోస్లోవేకియా శాస్త్రవేత్తల చేతుల్లో పుట్టినవే. ఆ దేశానికి మాత్రం వాటి ఫలం సకాలంలో అందలేదు. ఎందుకని?

1961 క్రిస్మస్ సెలవులు. ప్రేగ్‌లో ఒక ఇంట్లో బల్ల మీద పిల్లలు ఆడుకునే మెర్కూర్ సెట్ పరిచి ఉంది. చిల్లులున్న ఇనుప పట్టీలు, బుల్లి చక్రాలు, నట్లు, బోల్టులు. వాటితో చట్రం బిగించి, సైకిల్ డైనమో తగిలించి, కాలింగ్‌బెల్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటిచ్చి తిప్పుతున్నాడొక పెద్దమనిషి. చట్రం మీద చిన్న గాజు అచ్చు, అందులో కొలిచి పోసిన కొద్దిపాటి ద్రవం. అచ్చు గిర్రున తిరుగుతుంటే ద్రవం అంచులకు ఎగబాకి, మధ్యలో గుంటపడి, ఆ ఒంపులోనే గట్టిపడింది. పక్కన సాయం చేస్తున్నది ఆయన భార్య లిండా. ఆమె డాక్టరు. ఆ పండగ పూట దంపతులిద్దరూ నాలుగు లెన్సులు తీశారు. ఇవాళ కోట్లమంది కళ్లలో పెట్టుకుంటున్న సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులకు మూలం ఆ నాలుగే.

ఆ పెద్దమనిషి ఒట్టో విఖ్తెర్లె. అప్పటికి 48 ఏళ్లు. తీరిక వేళల్లో చిల్లర ప్రయోగాలు చేసుకునే మనిషి కాదు. చెకోస్లోవాక్ సైన్స్ అకాడమీలో పాలిమర్ల పరిశోధనకే 1959లో పెట్టిన సంస్థకు డైరెక్టరు. చేతికింద ల్యాబులున్నాయి, మనుషులున్నారు. మరి పిల్లల ఆటసామానుతో ఇంట్లో తంటాలు పడటం దేనికి? లెన్సుల పనికి భవిష్యత్తు లేదని ఆరోగ్య శాఖ తేల్చేసి, ప్రయోగాలు ఆపించింది కాబట్టి!

రెండో ప్రపంచయుద్ధం తర్వాత సోషలిస్టు దేశాల్లో జరిగిన పరిశోధన గురించి మనకు తెలిసిందల్లా స్పుత్నిక్, గగారిన్, అణ్వాయుధాలు. అవి రాజ్యం స్వయంగా కోరుకున్నవి. డబ్బుకు లోటు లేదు, పైనుంచి తొందర ఉంది. రాజ్యం అడగని వస్తువులు, మామూలు మనిషి కంటికీ ఒంటికీ పనికొచ్చేవి ఏమయ్యాయన్నది చూస్తేనే ఆ వ్యవస్థ లోతు తెలుస్తుంది.

రైల్లో మొదలైన పని

విఖ్తెర్లె యుద్ధానికి ముందే రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. 1939లో నాజీలు చెక్ విశ్వవిద్యాలయాలు మూసేస్తే జ్లిన్‌లోని బాటా కంపెనీలో చేరాడు. అవును, మనకు చెప్పులమ్మే బాటాయే. 1941లో అక్కడే నైలాన్ జాతికి చెందిన సిలోన్ అనే దారం తీశాడు. 1942లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో పట్టుకెళ్లి కొన్ని నెలలు జైల్లో పెట్టింది. యుద్ధం ముగిశాక సిలోన్ మేజోళ్లు చెక్ ఆడవాళ్లకు ఇంటింటి వస్తువయ్యాయి.

1952లో ఒలొమోత్స్ నుంచి ప్రేగ్‌కు రైల్లో వస్తుంటే పక్కన ఆరోగ్య శాఖ అధికారి ఒకాయన, కన్ను తీసేసినచోట లోహపు ముక్క అమర్చడం గురించి పత్రికలో చదువుతున్నాడు. లోహం ఎందుకు, ఒంటికి సరిపడే ప్లాస్టిక్ చేయొచ్చు కదా అని మాట కలిపాడు విఖ్తెర్లె. ఆ మాటనే పట్టుకుని ద్రాహొస్లావ్ లీమ్‌తో కలిసి ఒక జెల్ తయారుచేశాడు. దాదాపు 40 శాతం నీటిని పట్టి ఉంచుతుంది, మెత్తగా ఉంటుంది, పారదర్శకం. దీనిపై ఇద్దరూ రాసిన పేపర్ 1960లో ‘నేచర్’లో వచ్చింది. అప్పటిదాకా లెన్సంటే గాజో గట్టి ప్లాస్టిక్కో. పెట్టుకున్నవాళ్లకు నరకం.

పదార్థం దొరికింది సరే, ఆకారం కుదరలేదు. రెండు ముక్కల అచ్చులో పోసి తీస్తే అంచులు చిరిగిపోయేవి. గరుకు అంచు కంట్లో ఎవరు పెట్టుకుంటారు? పై మూత తీసేసి, కింది అచ్చును గుండ్రంగా తిప్పాలన్న ఆలోచన ఈ చిక్కులోంచే వచ్చింది. అంచు దానంతటదే నునుపుగా వస్తుంది. వేగం మార్చితే ఒంపు మారుతుంది, అంటే పవర్ మారుతుంది. డైనమో బలం చాలక గ్రామఫోన్ మోటారు పెట్టారు. 1962 మొదటి నాలుగు నెలల్లోనే అలాంటి ఇంటి యంత్రాల మీద 5,500 లెన్సులు తీశారని విఖ్తెర్లె లెక్క.

ఇదే సంఘటన మరోచోట జరిగి ఉంటే ఏడాది తిరిగేసరికి ఫ్యాక్టరీ లేచేది. ప్రేగ్‌లో లేవలేదు. 1965లో ప్రభుత్వం లైసెన్స్ హక్కులను నేషనల్ పేటెంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే అమెరికన్ సంస్థకు ఇచ్చేసింది. వాళ్ల దగ్గర్నుంచి బాష్ అండ్ లాంబ్ తీసుకుంది. 1971లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, వ్యాపారం ఊపందుకుంది. ఆ వ్యాపారంతో పోలిస్తే చెకోస్లోవేకియాకు దక్కింది చిల్లర. కనిపెట్టినాయనకు దక్కింది అందులోనూ చిల్లర. పైగా 1968లో ప్రజాస్వామ్య సంస్కరణలు కోరుతూ వెలువడిన ‘రెండు వేల మాటలు’ ప్రకటన మీద సంతకం చేసినందుకు డైరెక్టరు కుర్చీ కూడా పోయింది.

ఫ్యాక్టరీకి ఎందుకు అక్కర్లేదు?

తప్పంతా పార్టీ పెద్దల మూర్ఖత్వమే అనుకుంటే కథ సులువైపోతుంది. అది ఒక కారణం మాత్రమే. అసలు చిక్కు ఏర్పాటులోనే ఉంది. సోవియట్ నమూనాలో మూల పరిశోధన అకాడమీ పని. చెకోస్లోవేకియాలో అది 1952లో ఏర్పడింది. అనువర్తిత పరిశోధన ఆయా మంత్రిత్వ శాఖల కింది సంస్థలది. తయారీ ఫ్యాక్టరీలది. మూడింటికీ మూడు ప్లాన్లు, మూడు పద్దులు. ఫ్యాక్టరీ మేనేజరుకు బోనస్ వచ్చేది ఏడాది టార్గెట్ పూర్తిచేస్తేనే. కొత్త వస్తువు చేయాలంటే లైను ఆపాలి, అచ్చులు మార్చాలి, మనుషులకు నేర్పాలి. ఆ ఏడాది టార్గెట్ గోవిందా. చేయకపోతే నష్టమేమిటంటే, ఏమీ లేదు. పాత సరుకుకే జనం క్యూ కడుతున్నారు.

హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నయి దీన్నే ‘కొరత ఆర్థికవ్యవస్థ’గా విశ్లేషించాడు. 1980లో వచ్చిన ఆయన పుస్తకం ఆ పేరుతోనే ఉంది. అమ్మేవాడికి కొనేవాడి మెప్పు అక్కర్లేని చోట కొత్తదనానికి గిరాకీ ఎక్కడిది? కొత్త వస్తువు తెచ్చిన ఇంజినీరును చూసి మేనేజరు మొహం చిట్లించుకోవడంలో ఆయన స్వార్థమూ ఉంది, తర్కమూ ఉంది.

అలాగని ఫ్యాక్టరీ గేటు దాటిన ఆవిష్కరణే లేదనుకోకండి. ఊస్తీ నాద్ ఓర్లిత్సీ అనే చిన్న ఊళ్లోని పత్తి పరిశోధన సంస్థ బీడీ 200 అనే ఓపెన్ ఎండ్ స్పిన్నింగ్ యంత్రం చేసింది. 1967లో బాసెల్ జౌళి యంత్రాల ప్రదర్శనలో అందరి కళ్లూ దాని మీదే. నూలుమిల్లులో పనిచేసినవాళ్లకు దీని విలువ వెంటనే తెలుస్తుంది. పాత పద్ధతి రింగ్‌ఫ్రేమ్‌లో నూలుకు పురి ఎక్కాలంటే బాబిన్ మొత్తం తిరగాలి. ఇందులో నిమిషానికి 30 వేల చుట్లు తిరిగే చిన్న రోటర్‌లో పీచు పడి, అక్కడే పురి తిరిగి బయటికొస్తుంది. ముందుగా పీచును సన్నటి తాడులా లాగే సింప్లెక్స్ అక్కర్లేదు, నూలును మళ్లీ పెద్ద కండెకు చుట్టే కోన్ వైండింగ్ అక్కర్లేదు. సన్న నూలుకు పనికిరాదు కానీ డెనిమ్‌కూ తువ్వాళ్లకూ దుప్పట్లకూ దివ్యంగా సరిపోతుంది. జపాన్ కంపెనీలు దీని లైసెన్స్ కొనుక్కున్నాయి. పెట్టుబడిదారీ దేశాలు సోషలిస్టు యంత్రం కోసం వచ్చిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

ఇక్కడ కుదిరి, లెన్స్ దగ్గర కుదరకపోవడానికి కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. పత్తి పరిశోధన సంస్థ అకాడమీ గదుల్లో లేదు, మిల్లుల మధ్య ఉంది. పరిశోధకుడు, యంత్రాలు చేసేవాడు, నూలు వడికేవాడు ఒకరినొకరు ఎరుగుదురు. పైగా ఎగుమతితో డాలర్లొస్తాయి. డాలరు మాటొస్తే ప్లాన్ కమిటీలు కూడా చెవి రిక్కించేవి.

షోర్మ్ సంస్థలో పుట్టిన అణువులు

మందుల సంగతి మరీ విచిత్రం. ప్రేగ్‌లోని సేంద్రియ, జీవరసాయనశాస్త్ర సంస్థను నడిపినవాడు ఫ్రాంతిషెక్ షోర్మ్. గట్టి కమ్యూనిస్టు, పార్టీ కేంద్ర కమిటీ సభ్యుడు, అకాడమీ అధ్యక్షుడు. న్యూక్లిక్ ఆమ్లాల ఇటుకల్ని కాస్త మార్చి క్యాన్సర్ కణాన్ని బోల్తా కొట్టించవచ్చన్నది ఆయన పట్టుదల. 1964లో ఆయన బృందం అజాసైటిడిన్‌ను, దాని తోబుట్టువు లాంటి డెసిటాబిన్‌ను తయారుచేసింది. 1968 ఆగస్టులో ఆ సంస్కరణలను అణచడానికి సోవియట్ ట్యాంకులు వచ్చినప్పుడు షోర్మ్ తప్పుపట్టాడు. పదవులన్నీ ఊడిపోయాయి. పార్టీ మనిషికే ఆ గతి పడితే మిగతావాళ్ల సంగతి చెప్పాలా!

అణువులు మాత్రం ఆగలేదు. డీఎన్ఏ మీద పడే మిథైల్ ముద్రల్ని ఇవి తొలగిస్తాయని 1980లో అమెరికాలో తేలింది. రక్తకణాలు సరిగా తయారుకాని ఎండీఎస్ జబ్బుకు అజాసైటిడిన్‌ను ఎఫ్‌డీఏ 2004లో ఆమోదించింది, డెసిటాబిన్‌ను 2006లో. పుట్టుకకూ మందుల షాపుకూ మధ్య నలభై ఏళ్లు!

అదే సంస్థలో 1960లో చేరిన యువకుడు ఆంతోనీన్ హోలీ. 1976లో జర్మనీలో జరిగిన సదస్సులో బెల్జియం వైరస్ నిపుణుడు ఎరిక్ డి క్లెర్క్‌తో పరిచయమైంది. ఒప్పందాల తతంగం లేకుండానే పని మొదలెట్టారు. హోలీ ప్రేగ్‌లో అణువులు కట్టి పంపుతాడు, డి క్లెర్క్ లూవెన్‌లో వాటిని వైరస్‌ల మీద పరీక్షిస్తాడు. ఇనుపతెర అన్నారు గానీ, పొడి నింపిన బుడ్డీకి అది అడ్డం కాలేదు.

హోలీ చేసిన కిటుకు ఇది. ఈ తరహా మామూలు యాంటీవైరల్ మందు కణంలోకి వెళ్లాక ముందు ఒక ఫాస్ఫేట్ తగిలించుకోవాలి. ఆ తొలిమెట్టు దగ్గరే చాలా మందులు చతికిలపడతాయి. హోలీ ఆ ఫాస్ఫేట్ స్థానంలో ఎంజైములు తెంచలేని ఫాస్ఫొనేట్‌ను ముందే బిగించి పంపాడు. మందు కణంలో ఎక్కువసేపు నిలుస్తుంది, రోజుకొక మాత్ర సరిపోతుంది. టెనోఫోవిర్ ఇలా పుట్టింది. అయితే నోటితో తీసుకుంటే పేగులు దాన్ని పీల్చుకునేవి కావు. ఆ సమస్య తీర్చింది అమెరికన్ కంపెనీ గిలియాడ్. అందుకే కష్టం ప్రేగ్‌ది, లాభం గిలియాడ్‌ది అని తేల్చేస్తే అన్యాయమవుతుంది. 2001లో ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. హోలీ 2012 జులై 16న కన్నుమూశాడు. సరిగ్గా అదే రోజు, ఆయన అణువున్న ట్రువాడాను హెచ్ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా వాడొచ్చని ఎఫ్‌డీఏ ప్రకటించింది.

బాలానగర్ మలుపు

ఈ కథ తిరిగి తిరిగి హైదరాబాద్ రావడం కల్పన కాదు. సోవియట్ సాయంతో 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ మూడుచోట్ల ప్లాంట్లు పెట్టింది. రుషికేశ్‌లో యాంటీబయాటిక్స్, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలు, హైదరాబాద్ బాలానగర్‌లో సింథటిక్ మందులు. ఊరికి మరో కొసన రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ప్లాంటు వచ్చింది సాక్షాత్తూ చెకోస్లోవేకియా సహకారంతోనే.

ఐడీపీఎల్ వ్యాపారంగా నెగ్గలేదు. 1992లో ఖాయిలా పరిశ్రమగా తేల్చారు. కానీ టన్నుల లెక్కన రసాయన చర్య నడపడం, రియాక్టరు దగ్గర నిలబడి దిగుబడి పెంచడం తెలుగు కెమిస్టులకు అక్కడే అబ్బింది. ఆ గేటు దాటి బయటికొచ్చినవాళ్లే హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ కంపెనీలు లేపారు. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. షోర్మ్ బృందం 1964లో కట్టిన అజాసైటిడిన్, డెసిటాబిన్‌ల జెనరిక్‌లను ఆ కంపెనీ 2013లో అమెరికాలో విడుదల చేసింది. హోలీ టెనోఫోవిర్‌ను హెటెరో, అరబిందో తయారుచేశాయి. హెచ్ఐవీకి చికిత్స చేసే మన ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే టీఎల్‌డీ మాత్రలో మొదటి మందు అదే.

ప్రేగ్ అణువును కట్టింది, దాన్ని మాత్రగా మార్చే ఫ్యాక్టరీ కరువైంది. సోవియట్ నమూనాలో కట్టిన బాలానగర్ ప్లాంటు తన మట్టుకు తాను నష్టపోయింది, ఒక పరిశ్రమకే జన్మనిచ్చింది. సోషలిస్టు పరిశోధన విఫలమైందని గంపగుత్తగా కొట్టిపారేసేవాళ్లు ఈ రెండు పద్దులూ ఒకసారి చూడాలి. అక్కడ లోపించింది మేధస్సు కాదు, ల్యాబుకూ ఫ్యాక్టరీకీ మధ్య దారి. దానికితోడు పనిచేసేవాణ్ని పనిచేయనివ్వని రాజకీయం. ప్రేగ్ సంస్థకు ఆలస్యంగానైనా న్యాయం జరిగింది. టెనోఫోవిర్ రాయల్టీలు దాని పరిశోధనను పోషించాయి, 2006లో గిలియాడ్ అక్కడే పరిశోధన కేంద్రం పెట్టింది.

మన వైపు పద్దు మాత్రం ఇంకా ఎవరూ సరిగా రాయలేదు. బాలానగర్‌లో సోవియట్ నిపుణుల పక్కన నిలబడి రియాక్టర్లు నడిపినవాళ్లు, రామచంద్రాపురంలో చెక్ డ్రాయింగులు చదివి టర్బైన్లు బిగించినవాళ్లు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటివాళ్లు ఉంటే కూర్చోబెట్టి అడగండి, చెప్పింది రికార్డు చేయండి, పాత నోటుపుస్తకాలు కాగితాలవాడికి వేయకండి.