ఈతకొలను: గొట్టముల అమరిక, యంత్రముల స్థానము

ఈతకొలను నీరు తేటగా కనబడినంత మాత్రమున ఆరోగ్యకరమని తలపరాదు. పలువురు దిగిన నీటిలో చెమట, మట్టి, రోగక్రిములు కలియును. ఆ నీటిని వడపోసి, క్లోరిన్ కలిపి, మరల కొలనులోనికి పంపుచుండుటయే రక్షణ. ఈ పని సక్రమముగా జరుగునా లేదా అనునది గుంట త్రవ్వక పూర్వమే, కాగితముపై గొట్టములకును పంపునకును చోటు నిర్ణయించునప్పుడే చాలవరకు తేలిపోవును.

రాతినేలలో లోతుగా త్రవ్వుట కష్టము. భూగర్భజలము పైకి ఉన్నచోట లోతైన కొలనును ఆ జలము పైకి ఎత్తివేయు ప్రమాదము కలదు. అట్టి చోట్ల సగము నేలలోను, సగము నేలపైని ఉండునట్లు కొలనును కట్టుదురు.

మొదట నీరు నడచు దారిని గుర్తింపవలెను. గాలి తేలెడి చెత్తను ఏ గోడవైపు నెట్టునో, ఆ గోడలో పైనీటిని లాగు ద్వారమును ఉంచవలెను. శుద్ధమైన నీరు ఎదుటి వైపునుండి రావలెను. ఏ మూలయందును నీరు కదలక నిలువరాదు. నెగ్లేరియా ఫౌలెరీ అను అమీబా క్లోరిన్ చాలని వెచ్చని నీటిలో పెరిగి, ముక్కు ద్వారా మెదడునకు చేరి ప్రాణము తీయును. ఇట్టి అమీబా మెదడువ్యాధి వలన 2024లో కేరళలో కొందరు పిల్లలు మరణించిరి.

పంపును కొలనుకు తగినట్లు ఎన్నుకొనవలెను. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు గల కొలనులో సుమారు 22,600 లీటర్ల నీరు పట్టును. అది 6 గంటలలో ఒకసారి వడపోయబడవలెనన్న, గంటకు దాదాపు 3,800 లీటర్లు ప్రవహింపవలెను. గొట్టములలో మలుపులు ఎంత తక్కువైన అంత మేలు.

అడుగున నీటిని లాగు రంధ్రము ఒక్కటే ఉండరాదు. కనీసము 3 అడుగుల ఎడముతో రెండు రంధ్రములుంచి, శరీరముగాని జుట్టుగాని చిక్కుకొనని మూతలు బిగింపవలెను. 2002లో అమెరికాలో ఒక బాలిక వేడినీటి తొట్టి రంధ్రపు లాగుడుకు చిక్కి మరణించినది. 2007లో ఆ దేశము, ప్రజలు వాడు కొలనులకు ఇట్టి మూతలు తప్పనిసరి చేయుచు చట్టము చేసెను.

పంపును నేలమట్టముననే చిన్న దిమ్మెపై నిలుపవచ్చును. నీటిమట్టము దానికంటె పైనుండుటచే పంపులో ఎల్లప్పుడు నీరు నిండియుండును. అయితే ఇరువైపుల వాల్వులు లేనిచో, జల్లెడబుట్టను శుభ్రపరచుటకు మూత తీసినంతనే కొలను నీరు వెలికి పారును. నీరు ముందు పంపునకు, పిదప ఫిల్టరునకు, తుదకు క్లోరిన్ కలుపు పరికరమునకు పోవలెను.

యంత్రములను కొలను గోడకు ఆనించి పెట్టరాదు. నేలపైకి లేచిన గోడ పసిబిడ్డలకు అడ్డుగా నిలుచును. పంపుగాని ఫిల్టరుగాని ప్రక్కననున్నచో అదే వారికి మెట్టగును. కావున వానిని కనీసము 4 అడుగుల దూరమున, కంచెలోపల ఉంచవలెను. విద్యుత్ తీగలకు ఎర్తు, 30 మిల్లీఆంపియర్ల రక్షణ స్విచ్చి అమర్చుట అర్హుడైన పనివానిచేతనే జరుగవలెను.

ఫిల్టరును కడిగిన నీరు త్రాగునీటి బావివైపు పోరాదు. క్లోరిన్ మందును ఆమ్లముతో కలిపిన విషవాయువు పుట్టును. వానిని వేర్వేరుగా, గాలి ఆడు చోట దాచవలెను.

గొట్టములను పూడ్చక మునుపే నీటి ఒత్తిడితో పరీక్షింపవలెను. వాడుక మొదలైన పిదప ప్రతిదినము నీటిని పరీక్షించి, లీటరునకు కనీసము 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్నదనియు, పి.హెచ్. 7.0 నుండి 7.8 లోపల ఉన్నదనియు నిశ్చయించుకొనవలెను. ఎంత చక్కని అమరికయైనను పెద్దల కావలికి సాటి రాదు. బిడ్డలు నీటిలోనున్నంతసేపు ఒక పెద్దవారు గట్టుననే ఉండి, వారిమీదనుండి చూపు మరల్పరాదు.