ట్రంకు పెట్టెలోని సిక్కా నోటు

ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటిగా నేలకూలి, వాటి స్థానంలో అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఇల్లు ఖాళీ చేసేవేళ తాతల నాటి ట్రంకు పెట్టెలు తెరుచుకుంటాయి. అడుగున శిస్తు రసీదులు, నికాహ్‌నామా, వాటి మడతల్లో అప్పుడప్పుడు ఒక పాత నోటు కనిపిస్తాయి. చెల్లని కాగితమని దానిని పారవేయకముందు ఒక్కసారి చదవండి. మన ఊరి గతం దాని మీద అచ్చయి ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండికి తీవ్రమైన కొరత ఏర్పడింది. నాణేలు చాలని ఆ పరిస్థితిలో, 1918లో నిజాం ప్రభుత్వం కాగితపు నోట్లకు చట్టం చేసింది. వాటినే ఉస్మానియా సిక్కా నోట్లు అన్నారు. తొలినాటి నోట్లు లండన్‌లో అచ్చయి ఓడలపై వచ్చేవి. నోటుపై ఉన్నది ఫస్లీ సంవత్సరం. దానికి 590 కలిపితే క్రీస్తు శకం ఇంచుమించుగా తెలుస్తుంది.

ఆ నోటుపై ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులలోనూ విలువ రాసి ఉంటుంది. ఉర్దూ రాని రైతు కూడా తన చేతిలో ఎంత ఉన్నదో తెలుసుకోవాలి కదా! మన ఊళ్ల పేర్లలోనూ ఇదే కలయిక కనిపిస్తుంది. ఉప్పల్ కలాన్‌లోని ‘కలాన్’ పారశీక పదం, పెద్దది అని అర్థం. పక్కనున్న హబ్సీగూడ పేరులో ఆఫ్రికా నుండి వచ్చిన హబ్షీల జ్ఞాపకం నిలిచింది. ఒకే సంతలో పలు భాషలవారు బేరమాడిన కాలానికి ఆ నోటూ ఈ పేర్లూ సాక్ష్యాలే.

1922 మేలో లండన్ నుండి బొంబాయికి బయలుదేరిన ‘ఈజిప్ట్’ అనే ఓడ ఫ్రాన్సు తీరానికి సమీపంలో మునిగిపోయింది. అందులో బంగారంతోపాటు హైదరాబాదు నోట్లు కూడా ఉన్నాయి. పదేళ్ల తరువాత ఇటలీ గజ ఈతగాళ్లు ఆ సరుకును వెలికితీసినప్పుడు ఆ నోట్లు కొన్ని బయటపడ్డాయి. పదేళ్లు సముద్ర గర్భంలో ఉండి కూడా కాగితం మిగిలింది. డబ్బు విలువ మాత్రం అలా మిగలలేదు. హైదరాబాదు భారతదేశంలో కలిసిన తరువాత ఏడు సిక్కా రూపాయలకు ఆరు భారత రూపాయల లెక్కన మార్పిడి సాగి, 1959 నాటికి సిక్కా చెలామణి పూర్తిగా ముగిసింది.

ఇక్కడే మన కుటుంబాలకు సంబంధించిన విషయం ఒకటి ఉంది. పాత నికాహ్‌నామాలలో మహర్‌ను సిక్కా రూపాయలలో రాసేవారు. అవ్వకు 700 సిక్కా మహర్ బాకీ ఉండిపోయిందనుకోండి. మార్పిడి ప్రకారం అది 600 రూపాయలు. నేడు నెల పాలకైనా చాలవు. కానీ ఆనాటి ఉస్మానియా వెండి రూపాయిలో సుమారు తొమ్మిది గ్రాముల వెండి ఉండేది. ఆ లెక్కన 700 రూపాయలంటే ఆరు కిలోలకు పైగా వెండి! మహర్‌ను సంతోషంగా చెల్లించమని అన్నిసా సూరా 4వ ఆయత్, అప్పును రాసి ఉంచమని అల్‌బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తున్నాయి. అవ్వ మరణించినా ఆ బాకీ మాసిపోదు, అది ఆమె వారసుల హక్కు. దాని విలువను ఎలా లెక్కించాలో ధర్మవేత్తలను అడిగి తెలుసుకోవడం మన బాధ్యత.

సిక్కా రూపాయలను ముద్రించిన సైఫాబాద్ టంకశాల నేడు మ్యూజియం. టంకశాల 1997లో నాచారానికి చేరువలోని చర్లపల్లికి తరలింది. మీ జేబులోని నాణెంపై సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే, అది హైదరాబాదు టంకశాలలో తయారైనదే. పిల్లలకు ఆ గుర్తు చూపి, పాత నోటు కథ చెప్పవచ్చు.

ఇంట్లో అలాంటి నోటు దొరికితే టేపు అంటించకండి, ఇస్త్రీ చేయకండి. ఎవరి పెట్టెలో, ఏ కాగితాల నడుమ దొరికిందో రాసి ఉంచండి. అమ్మదలిస్తే వచ్చిన సొమ్ములో అక్కచెల్లెళ్ల వాటాను మరవకండి. నోటు చెల్లకపోవచ్చు. దానితోపాటు దొరికిన నికాహ్‌నామాలోని మాట మాత్రం నేటికీ చెల్లుతుంది.