నీళ్ళ మీద ఒక రోజు - నీళ్ళ కింద ఒక రాజధాని

మెండోర: వరి కోతలు ముగిసి, పసుపు తవ్వకం ఇంకా మొదలు కాని రోజుల్లోనే ఈ ప్రాంత రైతు కుటుంబాలకు కాస్త తీరిక దొరుకుతుంది. కార్తీక, మార్గశిర మాసాలలో బాసరకో, ధర్మపురికో, వేములవాడకో వెళ్ళి రావడం ఇక్కడ మామూలే. ఆ వరుసలో చేర్చుకోదగ్గ యాత్ర మరొకటి వున్నది. నాగార్జునసాగర్ జలాశయంలో లాంచీ ఎక్కి, నడి నీళ్ళలో దీవిగా మిగిలిన నాగార్జునకొండకు వెళ్ళి రావడమే ఆ యాత్ర. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకే దాకా సరిపోతుంది.

పోచంపాడు కట్ట నీడన బతికే వారికి నీళ్ళు చూడడానికి అంత దూరం పోవడమెందుకని అనిపించవచ్చు. నిజమే, నీళ్ళ కోసమే అయితే ఇంటి నుంచి కదలనక్కరలేదు. అయితే సాగర్‌లో చూడవలసింది నీళ్ళు ఒక్కటే కాదు. ఆ నీళ్ళ కింద ఏమి వుండేదో, మునగక ముందు దానిలో కొంతనయినా ఎట్లా ఒడ్డుకు చేర్చారో అక్కడ కళ్ళారా చూడవచ్చు. ముంపు అంటే ఏమిటో తెలిసిన ఊళ్ళ వారికి ఆ దృశ్యం మరింత దగ్గరగా తాకుతుంది.

రెండు ప్రాజెక్టులు - ఒకే చేయి

నాగార్జునసాగర్‌కు, పోచంపాడుకు పునాదిరాయి వేసినది ఒక్కరే. 1955 డిసెంబరు 10న సాగర్‌కు, 1963 జూలై 26న పోచంపాడుకు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. సాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలారు. పోచంపాడు తరువాత శ్రీరాంసాగర్ అయింది. ఇక్కడ నిండు మట్టం 1091 అడుగులు, అక్కడ 590 అడుగులు. ఇక్కడ గేట్లు 42, అక్కడ 26. రాతి కట్టడంగా సాగర్ ఆనకట్టకు దేశంలోనే పెద్ద పేరున్నది. వేల మంది కూలీలు రాయి మోసి, సున్నం సిమెంటు కలిపి, చేతులతో లేపిన గోడ అది.

మెండోర నుంచి సాగర్ రమారమి మూడు వందల యాభై కిలోమీటర్లు. ఆర్మూరు మీదుగా హైదరాబాదు చేరి, అక్కడ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి దారిన పోవాలి. ఒక్కనాడు పోయి రావడం కుదరదు. ముందునాటి రాత్రికే సాగర్ చేరుకుని, తెల్లవారి లాంచీ స్టేషనుకు వెళ్ళడం మేలు. ఎడమ గట్టున హిల్ కాలనీ, పైలాన్ కాలనీ నల్లగొండ జిల్లాలోవి. కుడి గట్టున విజయపురి సౌత్ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలోనిది. కొండకు లాంచీలు సాధారణంగా కుడి గట్టు నుంచి బయలుదేరుతాయి. శుక్రవారం కొండ మీది మ్యూజియానికి సెలవు. నీటి మట్టం, గాలి, వచ్చిన జనాన్ని బట్టి లాంచీలు నడుస్తాయి గనుక బయలుదేరే ముందే విచారించుకోవడం మంచిది.

లాంచీ మీద గంట సేపు

గట్టు వదిలిన కొద్దిసేపటికే ఆనకట్ట వెనకబడుతుంది. చుట్టూ నల్లమల కొండల వరుసలు, వాటి మధ్య నీళ్ళు. ఒకప్పుడు ఇదంతా మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణానది కాపలాగా వున్న లోయ. రాజధాని కట్టుకోవడానికి పాతకాలపు రాజులకు ఇంతకన్న భద్రమైన చోటు దొరకదు. ఇప్పుడు ఆ లోయ మీదుగానే లాంచీ పోతుంది. గంట ప్రయాణం తరువాత ఎదురుగా బల్లపరుపు తలతో ఒక కొండ కనపడుతుంది. ఒకనాడు లోయ నడుమ నిలిచిన గుట్ట కాస్తా, నీరు లేచాక దీవి అయింది.

లాంచీ నడిచినంత సేపూ కాళ్ళ కింద వున్నది ఒక నగరమని తెలిసి కూర్చుంటే ఆ ప్రయాణం వేరుగా వుంటుంది. శాతవాహనుల తరువాత క్రీస్తు శకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఇక్కడ విజయపురి పేరుతో రాజధాని కట్టారు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల చాంతమూలుడు, రుళపురుషదత్తుడు అనే నలుగురు రాజులు రమారమి వంద యేళ్ళు ఏలారు. చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆ ఇంటి ఆడవారు మాత్రం బౌద్ధానికి అండగా నిలిచారు. చాంతమూలుని చెల్లెలు చాంతిసిరి, మేనల్లుడు వీరపురుషదత్తుని ఏలుబడి 6వ యేట మహాచైత్యాన్ని కట్టించినట్లు శాసనాలున్నాయి. బోధిసిరి అనే ఉపాసకురాలు సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చైనా పేర్లు కూడా కనపడతాయి. కృష్ణ ఒడ్డున కూర్చుని అంత లోకాన్ని ఎరిగిన వారన్న మాట.

రాళ్ళు కొండెక్కిన కథ

ఇంత నగరమూ వందల యేళ్ళు మట్టి కింద మరుగున పడి వున్నది. 1926లో శాసన పరిశోధన శాఖకు చెందిన ఎ.ఆర్. సరస్వతి ఈ చోటును గుర్తించారు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్, 1938 నుంచి 1940 వరకు టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపించారు. మహాచైత్యంలో బంగారు భరిణెలో పెట్టిన చిన్న ఎముక ముక్క లాంగ్‌హర్‌స్ట్ తవ్వకాల్లోనే దొరికింది. తీరిగ్గా ఇంకా తవ్వుకోవచ్చుననుకునే వేళకు ఆనకట్ట నిర్ణయం వచ్చింది. నీళ్ళు వచ్చే లోపు లోయ అంతా తవ్వి చూడవలసి వచ్చింది.

1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో ఆ పని జరిగింది. వందకు పైగా చోట్ల తవ్వారు. ఆదిమానవుని రాతి పనిముట్ల నుంచి విహారాలు, గుళ్ళు, స్నానఘట్టం, ప్రేక్షకులు నాలుగు వైపులా కూర్చునే ఆటల మైదానం వరకు బయటపడ్డాయి. కొన్ని కట్టడాలను విప్పి, రాయి తరువాత రాయి తెచ్చి కొండ మీద తిరిగి కట్టారు. మరికొన్నింటిని కుడి గట్టున అనుపు దగ్గర నిలబెట్టారు. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ గుళ్ళను కోసి పైకి లేపిన సంగతి ప్రపంచమంతా చెప్పుకున్నది. ఆ పని 1964లో మొదలై 1968లో ముగిసింది. అంతకు ముందే మన దగ్గర ఒక లోయను తవ్వి తీశారన్న సంగతి మనలోనే చాలా మందికి తెలియదు.

కొండ దిగగానే మెట్లు ఎక్కి పోతే విహారం ఆకారంలో కట్టిన మ్యూజియం వస్తుంది. 1966 నుంచి ఇది నడుస్తున్నది. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన బుద్ధుని కథలు, నిలువెత్తు బుద్ధ విగ్రహం, బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనాలు, మట్టి పాత్రలు, పూసలు ఇందులో వున్నాయి. మునిగిన లోయ నమూనా కూడా వున్నది. నది ఎటు పోయేదో, కోట ఎక్కడ వుండేదో, ఏ విహారం ఏ మూలన వుండేదో అందులో కనపడుతుంది. తొందరపడకుండా ఆ నమూనా ముందు పది నిమిషాలు నిలబడడం మంచిది. తిరుగు లాంచీలో ఏ నీళ్ళ కింద ఏమున్నదో అప్పుడు అర్థమవుతుంది.

బయట మహాచైత్యం, సింహళ విహారపు చైత్యం, స్నానఘట్టం చూడవచ్చు. మహాచైత్యం లోపలి గోడలు బండి చక్రం ఆకుల లాగా నడిమి నుంచి అంచుకు కట్టి వుంటాయి. మధ్యలో మట్టి నింపి, పైన గుమ్మటం లేపారు. అంత బరువును ఆ గోడలే మోశాయి.

మధ్యాహ్నం సద్దిమూట విప్పుకున్నాక తిరుగు లాంచీలో విజయపురి సౌత్ చేరితే, పొద్దు వుండగానే అనుపులోని ఆటల మైదానాన్ని, చంద్రవంక వాగు మీది ఎత్తిపోతల జలపాతాన్ని చూసి రావచ్చు. మరునాటి వరకు ఆగగలిగిన వారికి ఎడమ గట్టున 2022 మే నెలలో ప్రారంభించిన బుద్ధవనం వున్నది. నీళ్ళు నిండుగా వున్న కాలంలో తెలంగాణ పర్యాటక సంస్థ సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ నడిపిన సందర్భాలు కూడా వున్నాయి. నల్లమల అడవి నడుమ నూరు కిలోమీటర్లు దాటిన ఆ ప్రయాణానికి పగలంతా పడుతుంది.

అంగీ మీద అంగీ - ప్రాణానికి అండ

నీళ్ళ ప్రయాణంలో సరదాతో పాటు జాగ్రత్త కూడా వుండాలి. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, విజయవాడ దగ్గర కృష్ణ, గోదావరి నీళ్ళు కలిసే చోట పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో మునిగింది. అందులో 77 మంది వుండగా బతికి బయటపడినది 26 మంది. వరంగల్లు దగ్గరి కడిపికొండ నుంచి కలిసి వెళ్ళిన ఒక బృందంలో కూడా పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పడవను అక్టోబరు 22న గానీ నీళ్ళ నుంచి తీయలేకపోయారు.

కనుక లాంచీ ఎక్కగానే లైఫ్ జాకెట్ తొడుక్కోవాలి. ఉక్కపోస్తున్నదని పక్కన పెట్టరాదు, తాళ్ళు కట్టకుండా భుజాన వేసుకోరాదు. పిల్లలకు వారి కొలతకు సరిపోయేదే అడిగి తీసుకోవాలి. ఏదో కనపడిందని అందరూ ఒకే పక్కకు పోరాదు. పరిమితికి మించి ఎక్కిస్తుంటే దిగిపోవడానికి వెనకాడరాదు. వరద పారే రోజుల్లో, ఈదురుగాలి వున్నపుడు యాత్ర మానుకోవడమే తెలివి. లాంచీ మళ్ళీ వస్తుంది.

మన నీళ్ళ కింద

నాగార్జునకొండ చూసి వచ్చిన వారికి ఒక ఆలోచన రాక మానదు. అక్కడి రాజుల పేర్లు, రాణుల పేర్లు, కట్టించిన రాళ్ళు నిలిచాయి. అయితే అదే లోయలో నిన్న మొన్నటి దాకా జనం కాపురమున్న పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలు కూడా మునిగాయి. పదిహేడు వందల యేళ్ళ నాటి విహారంలో ఏ గది ఎక్కడ వుండేదో నేడు చెప్పవచ్చు. యాభై అరవై యేళ్ళ కిందటి పల్లెలో ఏ ఇల్లు ఎవరిదో చెప్పాలంటే మాత్రం ముసలివారి జ్ఞాపకమే దిక్కు.

పోచంపాడు సంగతి కూడా అంతే. జలాశయం కింద నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల ఊళ్ళు ఎన్నో పోయాయి. జనం మెరకకు వచ్చి కొత్త ఇళ్ళు కట్టుకున్నారు. పలుచోట్ల పాత ఊరి పేరే కొత్త ఊరికి పెట్టుకున్నారు. ఎండాకాలం నీరు తగ్గినపుడు పాత గుళ్ళు, రాతి కట్టడాలు నేటికీ తేలుతుంటాయి. కట్టకు ఇవతలి పొలాలు పచ్చబడ్డది అవతలి పొలాలు మునిగినందుకే. మన పసుపు చేలకు, వరి మడులకు, కాకతీయ కాలువ కింద దూరదూరాల ఆయకట్టుకు పారే నీళ్ళలో ఆ ఊళ్ళ వాటా వున్నది.

శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపురంలో తిరిగి కట్టారు. అంతటి పనికి ప్రభుత్వం కావాలి, డబ్బు కావాలి. కాని మునిగిన ఊరి కథను రాసి పెట్టడానికి ఒక నోటు పుస్తకం చాలు. ఊరి నడుమ చావడి ఎక్కడుండేది, ఊరబావి ఎటువైపు, ఏ వాడలో ఏ కులవృత్తుల వారుండేవారు, బతుకమ్మ ఏ చెరువులో వేసేవారు, పోచమ్మ గుడి ఎక్కడ, గోదారి రేవుకు దారి ఏది - ఇవన్నీ చెప్పగల పెద్దలు ముంపు గ్రామాల వారిలో ఇంకా వున్నారు. ఆనాడు పాతికేళ్ళ వయసున్న వారు ఇప్పుడు ఎనభై దాటిపోయారు. వారి మాట విని బడి పిల్లలు పాత ఊరి పటం గీస్తే, గ్రామ పంచాయతీ గోడకు దాన్ని వేలాడదీయవచ్చు. పెద్దలు, ఉపాధ్యాయులు పూనుకుంటే ఒక ఎండాకాలం సెలవుల్లో అయిపోయే పని ఇది.

విజయపురికి నీళ్ళు రాబోతున్నాయని ముందే పని మొదలుపెట్టారు. మన పాత ఊళ్ళ మీదికి నీళ్ళు ఏనాడో వచ్చాయి. మిగిలింది పెద్దల జ్ఞాపకం ఒక్కటే. అది కూడా మునిగే లోపు రాసి పెట్టుకోవాలి.