కల్లుకు కిస్తీ పోయింది. సరుకు నిలవ చిక్కు తీరలేదు

హంసలదీవి: కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమ మొగలో తాటికల్లు వ్యాపారం లైసెన్సు నిబంధనల మార్పుతో కొంత ఊరట పొందినా, వర్తకానికి పనికివచ్చే సరుకుగా ఇంకా రూపొందలేదు.

కల్లుపై ప్రభుత్వానికి కట్టవలసిన అద్దెను, అంటే వాడుకలో కిస్తీని, 2022-27 కల్లు విధానంలో రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసింది. చెట్టుపై నుంచి పడి మరణించిన గీత కార్మికుని కుటుంబానికి పరిహారాన్ని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. లైసెన్సు మాత్రం యథాతథం. సహకార సంఘం పేరనో, చెట్టు పథకం కింద గీత కార్మికుని పేరనో అది ఉండి తీరాలి.

2024 అక్టోబరులో మద్యం దుకాణాలు మళ్లీ ప్రైవేటు వర్తకులకు దక్కాయి. మొత్తం 3,396 దుకాణాలు. వీటికి అదనంగా 340 దుకాణాలను 2025లో గీత కులాలకు సగం లైసెన్సు రుసుముపై కేటాయించారు. అయితే ఆ దుకాణాల్లో అమ్మేది డిస్టిలరీ సరుకు. గీసేవాని సరుకు కాదు. పైగా కల్లుకు అదే పోటీ.

అసలు చిక్కు నిలవది. ఉదయం దించిన కల్లు సాయంత్రానికి పులుస్తుంది. గిరాకీ లేదని ఆపి ఉంచే వీలు లేదు. దూరం పంపే వీలూ లేదు. లొట్టికి సున్నం పూసి దించితే పులియని నీరా వస్తుంది. దాన్ని కాస్తే తాటిబెల్లం. ఇదొక్కటే గోదాములో నిలిచే సరుకు.

ఇక్కడ లెక్క చూడవలసి ఉంది. కిలో బెల్లానికి సుమారు 8 నుంచి 10 లీటర్ల నీరా కావాలి. వంటచెరకు, కూలి అదనం. కిలో బెల్లం ధర లీటరు కల్లు ధరకు పది రెట్లు దాటితే తప్ప గీత కార్మికుడు పొయ్యి వెలిగించడు. కల్లుకు రొక్కం అదే రోజు చేతికి వస్తుంది. బెల్లానికి కొనుగోలుదారు దొరకాలి.

హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023 మేలో తెలంగాణ ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. శీతలీకరణ, దగ్గరలో కొనేవారు ఉంటే పులియని సరుకూ అమ్ముడుపోతుంది. దివిసీమకు పట్టణం దూరం. కనుక ఇక్కడ బెల్లమే మార్గం.

కల్లుగీత రాజకీయంగా తేలిక విషయం కాదు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం మద్యనిషేధ వివాదంపైనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ప్రస్తుత విధానం గడువు 2027తో ముగుస్తుంది. కొత్త నిబంధనల్లో నీరాకు, బెల్లానికి సులభమైన లైసెన్సు, సంఘాలకు ముందస్తు పెట్టుబడి చోటుచేసుకుంటేనే మచిలీపట్నం, గుడివాడ వర్తకులు ఈ సరుకులో దిగగలరు. అంతవరకు కల్లు పొద్దున దిగి సాయంత్రానికి తీరిపోయే బేరంగానే మిగులుతుంది.