తలకిందుల చేను

దక్షిణ ధ్రువం చుట్టూ పరుచుకున్న అంటార్కిటికా మన దేశానికి నాలుగు రెట్లకు పైగా పెద్దది. అందులో 98 శాతం మంచే. ఆ మంచు సగటు మందం దాదాపు 2 కిలోమీటర్లు. భూమ్మీది మంచినీటిలో సుమారు 70 శాతం అక్కడే గడ్డకట్టి ఉంది. అయినా అది ఎడారే! ధ్రువం దగ్గర ఏడాది పొడవునా కురిసిన మంచును కరిగిస్తే 10 సెంటీమీటర్ల నీరు కూడా రాదు. అంటార్కిటికాలోని వోస్తోక్ పరిశోధన కేంద్రంలో 1983 జులై 21న నమోదైన మైనస్ 89.2 డిగ్రీలే భూమ్మీద థర్మామీటరు కొలిచిన చలికి ఇప్పటికీ రికార్డు.

ఈ నేల ఒకప్పుడు పచ్చన. దక్షిణ ఖండాలన్నీ గోండ్వానా అనే ఒకే మహాఖండంగా ఉన్న కాలంలో మన తూర్పు తీరాన్ని ఆనుకునే ఉండేది. గోదావరి లోయలో సింగరేణి బొగ్గుగా మారిన గ్లోసోప్టెరిస్ చెట్లు అక్కడా పెరిగాయి. 1912లో ధ్రువం చూసి తిరిగొస్తూ ప్రాణాలు వదిలిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం చివరిదాకా మోసుకొచ్చిన రాళ్లలో ఆ ఆకుల ముద్రలున్నాయి.

ఇప్పుడక్కడ సహజంగా పెరిగే పూల మొక్కలు రెండే రకాలు. పూర్తిగా నేల మీదే బతికే జీవుల్లో పెద్దది రెక్కల్లేని ఓ చిన్న పురుగు. 6 మిల్లీమీటర్లు దాటదు. మరి పెంగ్విన్లూ సీళ్లూ తిమింగలాలూ ఏం తిని బతుకుతున్నాయి? వాటికి తిండి పెట్టేది సముద్రం.

చలికాలం ముదిరేకొద్దీ ఖండం చుట్టూ కడలి గడ్డకడుతుంది. సెప్టెంబరు నాటికి ఆ మంచు ఖండం కంటే విశాలంగా, సుమారు 1.8 కోట్ల చదరపు కిలోమీటర్లకు విస్తరిస్తుంది. దాని అడుగున, వడకట్టినట్టు దిగే కొద్దిపాటి వెలుగులో నాచు మొలుస్తుంది. తలకిందులుగా వేలాడే చేను అది! రొయ్యలకు దగ్గరి చుట్టాలైన క్రిల్ పిల్లలు చలికాలంలో ఆ నాచును గీరుకుని తింటాయి. జంతువులన్నిటిలోకీ పెద్దదైన నీలి తిమింగలం పొట్ట నింపేది ఆ క్రిల్లే.

ఆ నీళ్లలోనే తెల్ల రక్తపు మంచుచేప ఈదుతుంది. దానికి రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ లేదు. చన్నీళ్లలో దండిగా కరిగి ఉండే ఆక్సిజన్ నేరుగా రక్తంలో కలిసిపోతుంది.

చక్రవర్తి పెంగ్విన్ మరీ సాహసి. చలికాలం మొదట్లో ఆడది ఒకే గుడ్డు పెట్టి, మగదానికి అప్పగించి, మేతకు సముద్రానికి వెళ్లిపోతుంది. తండ్రి ఆ గుడ్డును పాదాల మీద నిలుపుకుని, పొట్ట కింది చర్మపు మడత కప్పి, రెండు నెలలకు పైగా పస్తులతో పొదుగుతాడు. వేల తండ్రులు ఒకరినొకరు ఒరుసుకుని నిలబడతారు. అంచున వణికేవారు లోపలికి, లోపల వెచ్చబడ్డవారు అంచుకు మెల్లగా మారుతుంటారు.

ఈ కాపురమంతా దాదాపు సముద్రపు మంచు మీదే. పిల్లలకు నీటిని తట్టుకునే ఈకలు వచ్చేదాకా అది నిలవాలి. 2022 చివర్లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలో అది ముందే విరిగిపోయింది. అక్కడి 5 పెంగ్విన్ స్థావరాల్లో నాలుగింట ఆ ఏటి పిల్లలన్నీ పోయాయనే అంచనా. 2023 చలికాలంలోనైతే ఉపగ్రహాలు కొలవడం మొదలెట్టాక ఎన్నడూ లేనంత తక్కువ మంచు కట్టింది.

అంటార్కిటికాలో గనుల తవ్వకాన్ని 1998లో అమల్లోకి వచ్చిన మాడ్రిడ్ ఒప్పందం నిషేధించింది. ఆ నేలకు కాగితం మీద కాపలా ఉంది. సముద్రాన్ని వేడెక్కించే పొగను మాత్రం ఏ దేశానికా దేశం తన గడ్డ మీదే తగ్గించుకోవాలి.