గంటకు 720 కిలోమీటర్ల నీళ్లు!

చేతిలో గన్ను, పక్కన దడదడలాడే పెట్రోల్ ఇంజిన్, ఎదురుగా రెండు వానాకాలాలుగా పేరుకున్న పాకుడు. ట్రిగ్గర్ నొక్కితే చాలు, పాకుడు పరార్! సర్వీసింగ్ సెంటర్లో బైకులు కడిగే కరెంటు యంత్రాన్ని మీరు చూసే ఉంటారు. దానికి అన్నగారు ఈ పెట్రోల్ ప్రెషర్ వాషర్. కరెంటు తీగ అందని పొలం గట్టుకి, కోళ్ల షెడ్డుకి, ట్రాక్టర్ దగ్గరికి తనే వెళ్తుంది. ఈ అన్నగారి గురించి మీకెంత తెలుసో చూద్దామా? సిద్ధమేనా?

మీకు తెలుసా? కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 30 పీఎస్‌ఐ. ఓ మోస్తరు పెట్రోల్ వాషర్ చిమ్మే నీటి ఒత్తిడి 3,000 పీఎస్‌ఐ. అంటే నూరు రెట్లు! చదరపు సెంటీమీటరుకి 210 కిలోలు. మీ బొటనవేలి గోరు మీద ముగ్గురు పెద్దమనుషులు ఒకేసారి ఎక్కి నిలబడ్డట్టు. ఊహించుకుంటేనే గోరు సలుపుతోంది కదూ!

సముద్రంలో ఇంత ఒత్తిడి చూడాలంటే రెండు కిలోమీటర్ల లోతుకి దిగాలి. మీకేమో వాకిట్లోనే దొరుకుతోంది!

మరి ఆ నీళ్ల వేగం? లెక్క కట్టి చూస్తే నాజిల్ నోటి దగ్గర సెకనుకు సుమారు 200 మీటర్లు. అంటే గంటకు 720 కిలోమీటర్లు! 2003 ప్రపంచకప్‌లో షోయబ్ అఖ్తర్ వేసిన ఆ ప్రసిద్ధమైన బంతి వేగం 161.3 కిలోమీటర్లు. మన నీళ్లు దానికి నాలుగు రెట్లు దాటిపోయాయి. ఏ బ్యాట్స్‌మన్ ఆడతాడండీ!

ఇంత చేసే నీళ్లు ఎన్ని అనుకున్నారు? నిమిషానికి పది లీటర్లు! బకెట్ నిండాలంటే నిమిషంన్నర పడుతుంది. అవి బయటికొచ్చే రంధ్రమో, ఒక్క మిల్లీమీటరు. ఆవగింజ కూడా దూరనంటుంది! కుళాయికీ దీనికీ తేడా నీళ్లలో లేదు, తోసే పంపులో, ఆ రంధ్రంలో ఉంది.

మీకు తెలుసా? నీళ్లు ముందుకి దూసుకుపోతే గన్ను వెనక్కి తన్నుతుంది. పైన చెప్పిన లెక్కకి ఆ తాపు మూడున్నర కిలోల బరువంత. నేల మీద కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులా పట్టుకుంటే ఇబ్బందేమీ లేదు. నిచ్చెన మీద? ఆ మూడున్నర కిలోలే మిమ్మల్ని వెల్లకిలా పడేస్తాయి. ఎత్తున ఉన్న గోడ కడగాలంటే గన్నుకి పొడవాటి గొట్టం తగిలించుకోవాలి, నిచ్చెన ఎక్కకూడదు.

నాజిల్ రంగులకీ ఓ భాష ఉందని తెలుసా? ఎరుపు 0 డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40, నలుపు 65. డిగ్రీ పెరిగేకొద్దీ నీళ్లు విసనకర్రలా విచ్చుకుంటాయి, దెబ్బ మెత్తబడుతుంది. నలుపు సబ్బునీళ్లకి. ఎరుపు మాత్రం సూది! సిమెంటు మీద గీతలు పెడుతుంది, చెక్కని చీలుస్తుంది. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2017 నుంచి ఎర్ర నాజిల్‌తో వచ్చే వాషర్లను సిఫారసు చేయడమే మానేసింది. నా మాటా అదే. ఎర్రదాన్ని పెట్టెలోనే ఉండనివ్వండి. తెలుపుతో మొదలుపెట్టి, చాలకపోతే ఆకుపచ్చకి రండి.

మరి మనిషి చర్మం ఎంత ఒత్తిడికి ఆగుతుంది? 100 పీఎస్‌ఐ చాలు, చిల్లు పడడానికి. యంత్రంలో ఉన్నది 3,000. చెప్పులేసుకుని కాళ్ల దగ్గర బురద కడుక్కునేవాళ్లూ, విన్నారా? 2014లో ఒక్క ఏడాదిలోనే 6,000 మందికి పైగా ఈ గాయాలతో అత్యవసర చికిత్సకి వెళ్లారని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ అంచనా. అందరూ నీళ్లతో పోరాడినవాళ్లే!

కాస్త ఊపిరి తీసుకుని సరదా సంగతులకొద్దాం. అమెరికాలో రష్‌మోర్ కొండ మీద నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కారు కదా, ఒక్కో ముఖం 60 అడుగులు. 1941లో పని ముగిస్తే, ఆ ముఖాలకి ఇలాంటి యంత్రాలతో తలంటు పోసింది 2005లో! తాళ్లకి వేలాడుతూ, వేడినీళ్లతో. అరవై నాలుగేళ్ల తర్వాత స్నానం!

మీకు తెలుసా? బొమ్మ గీయడానికి రంగే అక్కర్లేదు. 2007లో జర్మనీలో క్లౌస్ డావెన్ అనే చిత్రకారుడు ఓ డ్యామ్ గోడ మీద అడవి జంతువుల్ని గీశాడు. కుంచె ఏమిటి? ప్రెషర్ వాషర్! మురికిని కడిగినచోట బొమ్మ, వదిలేసినచోట నేపథ్యం. మునిసిపాలిటీ వాళ్లు తుడిచేయాలన్నా ఏం తుడుస్తారు?

లేని మురికిని డబ్బులిచ్చి మరీ కడిగేవాళ్లున్నారు! 2022లో విడుదలైన పవర్‌వాష్ సిమ్యులేటర్ అనే వీడియోగేమ్‌లో చేసేదంతా అదే. తెర మీద మురికి, తెర మీదే వాషర్. ఆడేవాళ్ల మనసు కుదుటపడుతోందా అని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు అధ్యయనం కూడా చేశారు. మన ఇళ్లలో అంట్లు తోమమంటే మాత్రం ఎవరూ కనబడరు!

ఇంకోటి. ఫ్రాన్స్‌లో ఈ యంత్రాన్ని జర్మన్ కంపెనీ కర్షర్ పేరుతోనే పిలుస్తారు. ఐరోపాలో మొట్టమొదటి వేడినీళ్ల ప్రెషర్ వాషర్‌ని 1950లో తెచ్చింది ఆ కంపెనీయే. యంత్రానికి కంపెనీ పేరేమిటని నవ్వకండి. మనం పొక్లెయిన్ అంటున్నది ఓ ఫ్రెంచి కంపెనీ పేరు!

నీటితో కొండల్నే కరిగించారని తెలుసా? 1853లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మాటిసన్ బంగారం కోసం గొట్టంతో కొండని కొట్టడం మొదలుపెట్టాడు. తర్వాతివాళ్లు నీటి ఫిరంగులే పెట్టారు. కొట్టుకొచ్చిన మట్టితో నదులు పూడి, పొలాలు మునిగి, 1884లో కోర్టు ఆపించింది. నీళ్లని కోర్టు బోనెక్కించిన కేసు!

ఇక ఇంజిన్ దగ్గరికి వద్దాం. హీరో స్ప్లెండర్ ఇంజిన్ 97.2 సీసీ. ఈ వాషర్లలో బాగా వాడే ఇంజిన్లలో ఒకటైన హోండా జీఎక్స్200 ఎంతనుకున్నారు? 196 సీసీ! రెండు స్ప్లెండర్లు. అయినా అడుగు దూరం వెళ్లదు, ఉన్నచోటే నిలబడి రంకెలేస్తుంది. ఆ రంకెలకి చెవులకి రక్షణ పెట్టుకోవాల్సిందే. 85 డెసిబెల్స్ దాటాక శబ్దం మూడేసి డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా చెవి ఓర్చుకోగల సమయం సగమైపోతుంది. మూడంటే మూడే!

పాత బుల్లెట్ కిక్కు కొడితే ఎదురు తన్ని పిక్క వాచినవాళ్లుంటారు కదా? ఈ ఇంజిన్ తాడూ అంతే! పంపులో ఒత్తిడి నిలిచి ఉంటే, లాగిన తాడుని మీరు వదిలేలోపే వెనక్కి గుంజుకుంటుంది. చెయ్యి విరిగే ప్రమాదముందని యంత్రంతో వచ్చే పుస్తకాల్లోనే రాస్తారు. మందు చాలా చవక. ముందు కుళాయి తిప్పి, ట్రిగ్గర్ నొక్కి, గొట్టంలోంచి గాలంతా పోయి నీళ్లు ధారగా వచ్చాక తాడు లాగాలి. పంపుకీ అదే ఆరోగ్యం. నీళ్లు లేకుండా తిరిగితే క్షణాల్లో పాడైపోతుంది.

ట్రిగ్గర్ వదిలేసి ఫోన్ మాట్లాడుతున్నారా? ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు పంపులోనే చక్కర్లు కొట్టి కాగిపోతాయి. 60 డిగ్రీల ప్రాంతంలో భద్రతా వాల్వు తెరుచుకుని వేడినీళ్లు కక్కేస్తుంది. పంపులో కాఫీ పెట్టుకునేంత! ఒకటి రెండు నిమిషాలకి మించితే ఇంజిన్ ఆపేయండి.

మీకు తెలుసా? మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోల్ ఆవిరికి నిప్పంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, నేలమీద పాములా పాకుతుంది. పని మధ్యలో ట్యాంకు ఖాళీ అయితే ఇంజిన్ ఆపి, సైలెన్సర్ చల్లారేదాకా టీ తాగి రండి. పెట్రోల్ ఆ తర్వాతే. బీడీ ఆ చుట్టుపక్కలకే రాకూడదు!

ఇప్పుడు అన్నింటికన్నా పెద్ద ప్రశ్న. ఈ యంత్రంలో అసలు హంతకుడు ఎవరు? నీళ్లా? పెట్రోలా? రెండూ కాదు. రంగు లేనిది, వాసన లేనిది, సైలెన్సర్ గొట్టంలోంచి వచ్చేది. కార్బన్ మోనాక్సైడ్!

మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే దానికన్నా 200 రెట్లకు మించిన మోజుతో ఈ వాయువుని పట్టుకుంటుంది. పట్టుకున్నాక వదలదు. మామూలు గాలి పీలుస్తూ కూర్చుంటే అందులో సగం బయటికి పోవడానికే నాలుగైదు గంటలు. ఇంత మొండి అతిథిని ఎక్కడైనా చూశారా!

1990లలో అమెరికాలో ఒక రైతు 11 హార్స్‌పవర్ పెట్రోల్ వాషర్‌తో తన పశువుల కొట్టం కడుగుతున్నాడు. ఎంతసేపు? సుమారు అరగంట. ఆ అరగంటకే కుప్పకూలి చనిపోయాడు. కడుగుతున్నది సొంత కొట్టం, చేస్తున్నది రోజూ తెలిసిన పని. అరగంట అంటే ఒక టీవీ సీరియల్ ఎపిసోడ్!

తలుపులు తెరిస్తే సరిపోతుందనుకున్నారా? అదే రోజుల్లో 59,000 ఘనపు అడుగుల గదిలో ఒకతను 8 హార్స్‌పవర్ పెట్రోల్ పంపుతో పనిచేశాడు. పది అడుగుల ఎత్తనుకుంటే 5,900 చదరపు అడుగుల హాలు, పెళ్లి చేయొచ్చు! పక్కన తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. అయినా బయటికి రాబోతూ స్పృహ తప్పాడు. భూగర్భ పార్కింగ్‌లో రెండు పెట్రోల్ వాషర్లు నడిపిన మరో ఐదుగురిదీ ఆసుపత్రి దారే. ఇవన్నీ 1996లో అమెరికా ప్రభుత్వ సంస్థలు కలిసి విడుదల చేసిన హెచ్చరికలో ఉన్నాయి.

ముందు తలనొప్పి, తర్వాత తిప్పడం, వికారం. ఎండదెబ్బేమో అనిపిస్తుంది. ఆపైన కండరాలు సడలుతాయి. తలుపు కనిపిస్తూనే ఉంటుంది, కాళ్లు కదలవు. ఇది చదివినప్పుడు నాకు మన కోళ్ల షెడ్లే గుర్తొచ్చాయి. పరదాలు దించి లోపల కడిగేవాళ్లుంటే, అన్నలూ, పరదాలు ఎత్తేసినా సరే ఇంజిన్‌ని లోపల పెట్టకండి. యంత్రం బయట, తలుపులకీ కిటికీలకీ కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. లోపలికి పొడవాటి గొట్టం, గన్ను మాత్రమే వెళ్లాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వాషర్ అద్దెకి తెచ్చి డ్రైవ్‌వే కడిగే మనవాళ్లూ, వాన వచ్చిందని యంత్రాన్ని గరాజ్‌లోకి లాగి నడపకండి. గరాజ్ తలుపు తెరిచినా సరే!

గనుల్లో ఈ వాయువుని కనిపెట్టిందెవరో తెలుసా? పిట్టలు! శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ తానే ఈ వాయువుని పీల్చి పరీక్షించుకుని, గనుల్లోకి చిన్న జీవుల్ని తీసుకెళ్లమని సలహా ఇచ్చాడు. మనిషికన్నా ముందు కెనరీ పిట్ట సొమ్మసిల్లేది. బ్రిటన్ గనుల్లో ఆ పిట్టలకి సెలవిచ్చేస్తున్నట్టు ప్రకటించింది 1986లో. కంప్యూటర్లు వచ్చాక కూడా పిట్టలే కాపలా!

మళ్లీ నీళ్ల దగ్గరికి. కారు టైరు పక్క గోడ మీద నాజిల్ ఆనించి కొడితే టైరే దెబ్బతింటుంది. కనీసం 30 సెంటీమీటర్లు ఎడం కావాలి. మీటరు బోర్డు, కరెంటు తీగల వైపు గన్ను తిప్పనే వద్దు. పాత సిమెంటు రేకుల పైకప్పు కడగాలని ముచ్చటపడుతున్నారా? ఆస్‌బెస్టాస్ రేకులైతే ఆ జోరుకి కంటికి కనిపించని పీచు లేచి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పాచి పట్టిన రేకు అందంగా లేదంటారా? ఉండనివ్వండి!

పని అయిపోయింది, ఇంజిన్ ఆపేశారు. ఇక భయం లేదా? ఉంది! గొట్టంలో ఒత్తిడి ఇంకా బతికే ఉంటుంది. కుళాయి కట్టేసి, గన్ను నేలవైపు పెట్టి, ధార ఆగేదాకా ట్రిగ్గర్ నొక్కి, ఆ తర్వాత లాక్ వేయాలి. ఆపేసిన గన్నుతో ఆడుకునే పిల్లలు ఏ ఇంట్లో లేరు చెప్పండి?

చివరిది. ఒత్తిడితో చర్మంలోకి దూసుకెళ్లే గాయం ఎలా ఉంటుందో తెలుసా? సూది గుచ్చినంత చుక్క! మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు. డీజిల్ ఇంజిన్ ఇంధనం ఇలా చేతిలోకి దూరిన కేసుని 1937లోనే వైద్య పత్రికకి ఎక్కించారు. పైకి చుక్కే, లోపల మాత్రం నీళ్లు, మురికి, సబ్బు నరాల వెంట, కండల వెంట దూరంగా పాకిపోయి ఉంటాయి. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు.

అందుకే పసుపు అద్ది పట్టీ కట్టేసి ఊరుకోకండి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 ఇప్పుడు ఏ పల్లెకైనా వస్తుంది, ఫోన్ చేయండి. డాక్టరుగారితో ‘కోసుకుంది’ అనకండి. ‘ప్రెషర్ వాషర్ నీళ్లు లోపలికి దూరాయి’ అని ఆ మాటే చెప్పండి.