పెట్ట గూడు దిగనంటే...

పిల్లలూ! నిన్నటిదాకా గుడ్లు పెట్టిన కోడిపెట్ట ఉన్నట్టుండి మానేస్తుంది. గంపలోంచి లేవదు. చెయ్యి దగ్గరికి పోనిస్తే ఈకలు నిక్కబొడుచుకుని, గుర్రుమంటూ పొడవబోతుంది. దానికి జబ్బూ లేదు, మొండితనమూ లేదు. గుడ్లు పొదగడానికి సిద్ధమైందన్నమాట. దీన్నే పొదుగుకు రావడం అంటారు.

ఇది ఎలా మొదలవుతుంది? పగటివేళ పెరగడం, వెచ్చదనం, గూట్లో పోగైన గుడ్లు రొమ్ముకు తగలడం, ఈ కబుర్లన్నీ మెదడుకు చేరతాయి. అప్పుడు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది. ఈ హార్మోనును సూదిమందుగా ఇస్తే పెట్టలు పొదుగుకు కూర్చుంటాయని అమెరికా శాస్త్రజ్ఞుడు ఆస్కార్ రిడిల్, ఆయన సహచరులు 1935లో తెలియజేశారు.

ప్రొలాక్టిన్ పెరగగానే అండాశయం ముడుచుకుంటుంది, గుడ్లు ఆగిపోతాయి. రొమ్ము కింద ఈకలు రాలి, అక్కడి చర్మానికి రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆ వెచ్చని చర్మం గుడ్లకు తగలగానే ప్రొలాక్టిన్ ఇంకా పెరుగుతుంది. గానుగెద్దు తిరిగినట్టు ఈ చక్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ వంటి చోట్ల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. తెల్లవారుజామున కూత పడదని చాలామంది పుంజును పెంచరు. పుంజు లేనిదే గుడ్డులో ఫలదీకరణం జరగదు. ఆ సంగతి పెట్టకేం తెలుస్తుంది? పిల్లలు రావలసిన 21 రోజులు దాటినా వట్టి గుడ్ల మీదనే కూర్చుంటుంది. రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే లేచి, ఆ కాస్సేపట్లోనే మేత తిని, నీళ్లు తాగి వస్తుంది. బరువు తగ్గి చిక్కిపోతుంది. నాలుగు కోళ్లున్న ఇంట్లో ఒకటి ఇలా కూర్చుంటే గుడ్లలో నాలుగో వంతు పోయినట్టే. అందుకే పెట్ట గూడెక్కిన రోజే మనం ఒక నిర్ణయానికి రావాలి.

పిల్లలు కావాలా? పుంజుతో కలిసి తిరిగే పెట్టల గుడ్లు పది పన్నెండు తెచ్చి, చీకటి పడ్డాక దాని కింద పెట్టండి. గుడ్లన్నీ ఒకేసారి పెట్టాలి, లేకపోతే పిల్లలు వేరువేరు రోజుల్లో వస్తాయి. వేసవిలో తెచ్చిన గుడ్లను చల్లని చోట ఉంచండి. వేడి గదిలో పిండం సగం ఎదిగి చచ్చిపోతుంది. ఏడో రోజున చీకట్లో గుడ్డు వెనక టార్చిలైటు పట్టి చూడండి. సాలీడు కాళ్లలా ఎర్రని రక్తనాళాలు కనిపిస్తే పిండం ఎదుగుతోందన్నమాట.

పిల్లలు వద్దా? అయితే ఆ వెచ్చదనాన్ని తప్పించాలి. అడుగున తీగెల జాలీ ఉన్న పంజరాన్ని నాలుగు ఇటుకల మీద నీడలో ఎత్తి పెట్టండి. గడ్డి వెయ్యకండి. మేత, నీళ్లు మాత్రం తగ్గించకండి. కింద నుంచి గాలి తగిలి పొట్ట చల్లబడుతుంది. గుడ్ల స్పర్శ ఉండదు. ప్రొలాక్టిన్ తగ్గుతుంది. మూడు నాలుగు రోజుల తర్వాత వదిలి చూడండి. మళ్లీ గూట్లోకే పరుగెత్తితే ఇంకో రెండు రోజులు ఉంచండి. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో చాలా పెట్టలు గుడ్లు మొదలుపెడతాయి.

కొందరు పెట్టను నీళ్లలో ముంచుతారు, ముక్కులో ఈక గుచ్చుతారు, తిండి మాన్పిస్తారు. ఇవి దాన్ని బెదరగొట్టి బాధపెట్టే పనులు. అలా చేయవద్దని పెద్దవాళ్లకు నెమ్మదిగా చెప్పండి.

అన్ని జాతులకూ ఈ గుణం సమానంగా ఉండదు. మన అసీల్ నాటుపెట్టలు పొదగడంలో దిట్టలు. ఎక్కువ గుడ్ల కోసం తరతరాలుగా ఎంపిక చేసిన తెల్ల లెగ్‌హార్న్ కోళ్లలో ఈ గుణం దాదాపు పోయింది. హైదరాబాదులోనే రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ కోళ్లను రూపొందించింది. ఇవి పొదుగుకు కూర్చోవడం తక్కువ. వీటి గుడ్లు పిల్లలు కావాలంటే యంత్రమో, నాటుపెట్టో కావాలి.

మీ ఇంట్లో పెట్ట గూడెక్కితే ఆ తేదీ నోటుబుక్కులో రాసుకోండి. అది దిగిన రోజు, మళ్లీ మొదటి గుడ్డు పెట్టిన రోజు కూడా రాయండి. ఎన్ని రోజుల గుడ్లు పోయాయో లెక్క మీకే తేలుతుంది.